చూపులగుట్ట ఫిరంగమ్మ కన్ను తెరిచిన కథ

చూపులగుట్టకు మూడు వందల పన్నెండు మెట్లు. ఆయాసపడుతూ ఎక్కివచ్చిన కొత్త భక్తులు గర్భగుడిలోకి చూసి ఉలిక్కిపడతారు. అక్కడ చేతులు లేవు, కిరీటం లేదు, వాహనం లేదు. పద్నాలుగు మూరల పంచలోహ ఫిరంగి ఒళ్ళంతా పసుపు పూసుకుని, మూతికి పైన చెక్కిన రెండు పెద్ద కళ్ళతో పడమటికి చూస్తూ ఉంటుంది. "ఇదేం దేవతమ్మా!" అని కొత్తవారు నోరు తెరవడం, "ముందు దండం పెట్టు" అని పాతవారు కసరడం ఇక్కడ రోజూ వినపడేదే. ఆ కళ్ళు ఎలా వచ్చాయో ఎన్నిసార్లు చెప్పినా మాకు తనివి తీరదు.

పూర్వం ఇక్కడ గుట్టకు తూర్పున ఉక్కుదుర్గం, పడమర మేఘవరం అనే రెండు రాజ్యాలు ఉండేవి. ఉక్కుదుర్గానిది ఫిరంగుల బలం. మేఘవరానిది మంత్రబలం. మేఘవరం మాంత్రికులు వరుణ జపంతో వాన కురిపించి ఎదుటివారి ఫిరంగి మందును తడిపేసేవారు. స్తంభన మంత్రంతో సైనికుల చేతులు కొయ్యబార్చేవారు. ఉక్కుదుర్గం వారు తక్కువ తినలేదు. ఫిరంగి మోతకు జపం లెక్క తప్పిందంటే మంత్రం వీగిపోతుందని కనిపెట్టారు. ఇంకేముంది, వానాకాలం మేఘవరానిది, ఎండాకాలం ఉక్కుదుర్గానిది! పన్నెండేళ్ళు యుద్ధం చేసి ఇద్దరూ జానెడు నేల గెలవలేదు.

ఉక్కుదుర్గం దళవాయి రేచప్పకు ఒళ్ళు మండింది. చుక్క నీరు చొరబడని, ఒక్క దెబ్బకు మేఘవరం కోటగోడను కూల్చే మహా ఫిరంగి కావాలన్నాడు. అతుకు లేకుండా అంత పోత పోయగలిగినవాడు ఒక్కడే, విగ్రహాలు పోసే మల్లోజు. కానీ ఆయన ఒక్కగానొక్క కూతురు అయ్యలమ్మను ఇచ్చింది మేఘవరానికే. తల్లిలేని పిల్ల. అప్పటికి నిండు చూలాలు. ఆమె కాపురం ఆ కోటగోడ నీడలోనే.

కాదంటే తల పోతుంది. మల్లోజు గుట్టమీదనే కొలిమి పెట్టి, నలభై రోజులు శ్రమించి ఫిరంగి పోశాడు. నునుపు చేసి, మూతిని కోటవైపు తిప్పారు. ఇక మందు దట్టించడమే తరువాయి. అప్పుడు జరిగింది ఆ విచిత్రం! పుట్టి బుద్ధెరిగాక విగ్రహాలే పోసిన చేయి అది. పోత పూర్తయ్యాక కళ్ళు తెరిపించనిదే పని ముగిసినట్టు తోచని చేయి. మల్లోజు అలవాటు కొద్దీ బంగారు సూది తీసి, మూతిమీద రెండు కళ్ళు చెక్కి, ప్రాణప్రతిష్ఠ మంత్రం చదివేశాడు.

కళ్ళు తెరిచిన దేవతకు మొదట అద్దం చూపాలి, ఆవును చూపాలి. అవేవీ అక్కడ లేవు. తల్లి తొలిచూపు సూటిగా కోటగోడ మీద పడింది. ఆ సమయానికి గోడమీద వడియాలు పెడుతున్నది అయ్యలమ్మే.

రేచప్ప నిప్పు పెట్టించాడు. వత్తి కాలింది, మందు అంటుకోలేదు. మూడుసార్లు పెట్టించాడు. మూడుసార్లూ అంతే! అది చూసి మేఘవరం మాంత్రికులు కేరింతలు కొడుతూ స్తంభన మంత్రం జపిస్తూ గుట్టమీదికి ఉరికారు. తల్లి చూపు సోకగానే ఆ మంత్రమూ వట్టిమాటే అయింది. ఒక్క సైనికుడి వేలు కూడా బిగుసుకోలేదు. రెండు సైన్యాలూ ఒకదాని ముఖం ఒకటి చూసుకుంటూ నిలబడిపోయాయి.

"కరిగించు దీన్ని!" అని రేచప్ప కత్తి దూశాడు.

"కళ్ళు తెరవకముందు లోహం ప్రభూ, కరిగించేవాణ్ణి. ఇప్పుడు తల్లి. ముందు నా తల తియ్యండి" అన్నాడు మల్లోజు.

ఇంతలో మాంత్రికుల వెనకే బయలుదేరిన అయ్యలమ్మ రొప్పుతూ గుట్ట ఎక్కి వచ్చింది. తండ్రికీ కత్తికీ నడుమ, సరిగ్గా ఫిరంగి నోటికెదురుగా నిలబడింది. తల పైకెత్తి చూసి అలాగే ఉండిపోయింది. "నాన్నా, ఇవి అమ్మ కళ్ళు కదా!" అంది.

మల్లోజు బావురుమన్నాడు. ఆ మాట విన్న ఫిరంగి పేల్చేవారు చేతుల్లోని వత్తులు నేలకు రాసి ఆర్పేశారు. మాంత్రికులు చెప్పులు విడిచారు. రేచప్ప ఎంత అరిచినా ఒక్కడు కదలలేదు. చివరికి అతని కత్తీ ఒరలోకి పోయింది. మల్లోజు పొరపాటున చెక్కాడా, కావాలనే చెక్కాడా అని నేటికీ వాదులాడుకునేవారు ఉన్నారు. ఆయన వంశంవారిని అడిగితే నవ్వి ఊరుకుంటారు.

ఆనాటి నుంచి తల్లి చూపు ఆనినంత మేర ఆయుధం దూయరు, మంత్రం కట్టరు. అయ్యలమ్మ ఆ నెలలోనే ఆడపిల్లను కని, మొక్కు తీర్చుకోవడానికి ఇక్కడికే తెచ్చింది. ఇప్పటికీ చూలాలు ఫిరంగి నోటికెదురుగా నిలబడే దర్శనం చేసుకుంటుంది. ప్రసవమయ్యాక మెత్తని పాతచీర మడిచి ఆ నోట్లో పరిచి, బిడ్డను కాసేపు పడుకోబెడుతుంది. తూర్పువారూ వస్తారు, పడమటివారూ వస్తారు. ఇలా చేసిన బిడ్డకు పీడకలలు రావని, ఏ మోతకూ బెదరదని పెద్దల నమ్మకం. కోటను కూల్చే గుండు దూరవలసిన చోట పసివాళ్ళు కాళ్ళు తన్నుకుంటూ హాయిగా నిద్రపోతారు.