కిర్రి ముఖం వాలిన కథ

ఒకప్పుడు, కొండల మీద గాలి పెత్తనం తప్ప ఇంకెవరిదీ సాగని రోజుల్లో, మిడతలన్నిటికీ ముఖాలు బఠాణీ గింజల్లా గుండ్రంగా ఉండేవి.

ఒక కొండ నెత్తిన గడ్డిలో కిర్రి అనే మిడత ఉండేది. గడ్డి మొదట్లోనే మట్టిలో గుడ్లు పెట్టుకుంది. ఇంకాస్త ఎండ తగిలితే పిల్లలు బయటికొచ్చేస్తాయి.

అంతలో గాలి రయ్యిమంటూ వచ్చింది. "ఈ గడ్డి నా కాళ్లకు అడ్డం పడుతోంది. వేళ్లతో సహా పీకేస్తా. పరిగెత్తడానికి నాకు నున్నటి నేల కావాలి!" అంది.

మిగతా మిడతలన్నీ కింద పొదల్లోకి తుర్రుమన్నాయి. "నువ్వూ రావే కిర్రీ!" అని అరిచాయి.

కిర్రి గుడ్లున్న మట్టివైపు చూసింది. గడ్డి పోతే మట్టి పోతుంది. మట్టి పోతే గుడ్లు పోతాయి. గబగబా ఒక గడ్డిపరక ఎక్కింది.

"గాలిమామా, పందెం కాస్తావా? నన్ను ఈ పరక మీంచి ఊడగొడితే కొండంతా నీదే. ఊడకపోతే గడ్డి జోలికి రాకూడదు!"

గాలి పకపకా నవ్వింది. "వేలెడంత లేవు, నాతో పందెమా? సరే, కాచుకో!"

ఒక్క ఊదు ఊదింది. గుండ్రటి ముఖానికి గాలి ఎదురుగా తగిలి, కిర్రి వెనక్కి తూలింది. ముందుకాళ్లతో వేలాడింది. గబుక్కున తల వంచి ముఖాన్ని పరకకు అదిమిపెట్టింది. గాలి ఇంకా గట్టిగా ఊదింది. కిర్రి నుదురు నొక్కుకుపోయింది. పరక నేలకు వంగింది.

"వదిలెయ్యి తల్లీ, ఇద్దరం పోతాం!" అంది పరక.

"నువ్వు వేళ్లు వదలకక్కా, నేను నిన్ను వదలను!" అంది కిర్రి.

గాలి బుగ్గలు నొప్పెట్టేదాకా ఊదింది. నుదురు వాలేకొద్దీ దానికి పట్టు దొరకలేదు. ముఖం మీంచి జారి జారి పోయింది. చివరికి రొప్పుతూ కొండ అంచున కూలబడింది.

"ఓడిపోయానే పిల్లా! గడ్డి నీదే."

పరక నిటారుగా లేచింది. కిర్రి దాని కొసకెక్కి కిర్రుకిర్రుమని పాడింది. నుదురు మళ్లీ పైకి లేవలేదు. లేవకపోతే పోనీ అనుకుంది! అప్పుడే మట్టి చిట్లి పిల్లలు బిలబిలా బయటికొచ్చాయి. అన్నిటికీ అమ్మ ముఖమే.

అప్పటినుంచే గడ్డిమిడత ముఖం నుదుటినుంచి నోటిదాకా ఏటవాలుగా ఉంటుంది. పొదల్లో దాక్కున్నవాటి ముఖాలు ఇప్పటికీ గుండ్రమే. కొండ నెత్తినైనా, చేలగట్టునైనా, గడ్డి ఊగే చోటల్లా వాలుముఖం మిడతే ఏలిక. గాలి ఎంత విసురుగా వచ్చినా గడ్డిని వంచుతుందే గాని పీకదు.