పంకా సుంకన్న అడిగిన మాట

అనగా అనగా అంటే ఏనాటి మాట అని అడక్కండి. దొరలు గుర్రాలెక్కి ఊళ్ళు తిరిగిన కాలం. మా పెద్దలు అంతవరకే చెప్పారు.

గుండ్లకొండ కింద ఒక దొర బంగళా ఉండేది. అందులో సుంకన్న అనే మనిషి పంకా లాగేవాడు. గదిలో దూలానికి గుడ్డ పంకా. దాని తాడు గోడకున్న కంతలోంచి వసారాలోకి వచ్చేది. సుంకన్న వసారాలో కూర్చుని తాడు లాగితే లోపల దొరకి గాలి, బయట సుంకన్నకి చెమట.

లోపల దొరసాని కూతురికి పాఠం చెప్పేది. నిన్న తిన్నదానికి ఒక మాట, రోజూ తినేదానికి ఒక మాట, రేపు తినబోయేదానికి ఒక మాట. "ఏట్" నిన్నటిది. "ఈట్" రోజూది. "విల్ ఈట్" రేపటిది. పాప మరిచిపోయేది. కంత పక్కన కూర్చున్న సుంకన్న మరిచిపోయేవాడు కాదు. తాడు ఒకసారి లాగి ఏట్, ఇంకోసారి లాగి ఈట్, మూడోసారి లాగి విల్ ఈట్. అట్లా మూడు ఎండాకాలాలు లాగాడు.

ఆ బంగళాలోనే శేషాద్రి అనే దుబాసీ ఉండేవాడు. దొర మాట జనానికి తెలుగులో, జనం మాట దొరకి ఇంగ్లీషులో చెప్పడం ఆయన పని. చుట్టుపక్కల ఇంగ్లీషు వచ్చినవాడు ఆయనొక్కడే. ఆ "ఒక్కడే" అన్న మాట మీదే ఆయన ప్రాణం.

ఒకనాడు దొర వసారాలోకొచ్చి, తిన్నావా అని ఇంగ్లీషులో సుంకన్నని అడిగాడు. ఊరికే అడిగాడు, జవాబు వస్తుందని కాదు.

"ఐ ఏట్, దొరా" అన్నాడు సుంకన్న.

దొర పకపకా నవ్వి అతని భుజం తట్టాడు. పదకొండేళ్ళ కొలువులో దొర దుబాసీ భుజం ఒక్కసారీ తట్టలేదు. శేషాద్రికి కడుపు భగ్గుమంది. ఇంటికెళ్ళి చెంబెడు మజ్జిగ తాగాడు. మంట చల్లారలేదు.

ఇంకొకనాడు దొర గడ్డం గీయించుకోవాలి. మంగలి ఈరన్న వీధి చివర నుంచే కేకేశాడు. "ఇదిగో, వచ్చేశా!"

దుబాసీ ఉన్నదున్నట్టు "హి కేమ్" అన్నాడు. దొర మెడకి గుడ్డ కట్టుకుని, గడ్డం పైకెత్తి కూర్చున్నాడు. ఈరన్న దారిలో ఇద్దరితో ముచ్చటాడాడు. దొర మెడ పట్టేసింది.

సుంకన్న మెల్లగా అన్నాడు. "సామీ, మనోళ్ళు వచ్చేశా అంటే ఇంకా దారిలో ఉన్నట్టే కదా! ఈజ్ కమింగ్ అనుంటే సరిపోయేది."

ఆ మాట కంతలోంచి లోపలికి పోయింది. దొర మెడ నొప్పి మరిచి నవ్వాడు. దుబాసీకి కడుపు భగ్గుమంది. రెండు చెంబుల మజ్జిగ తాగాడు. మంట చల్లారలేదు.

మర్నాడు వసారాలోకొచ్చి నిలబడ్డాడు. "ఒరేయ్ సుంకా! ఇంకోసారి నీ నోట ఇంగ్లీషు ముక్క వచ్చిందా, తాడు నీ చేతిలో ఉండదు. చెప్పలేదనేవు."

"నాకేం తెలుసు సామీ, గాలికి కొట్టుకొచ్చిన నాలుగు ముక్కలు" అని సుంకన్న తల వంచుకున్నాడు. ఆ తాడే అతని కూడు.

అట్లా ఉండగా గుండ్లకొండకి కంచె వేయాలని పైనుంచి ఉత్తరువు వచ్చింది. ఇప్పటికే కొండ మీద మేపుకునే ఊళ్ళకి హక్కు ఉంటుంది. కొత్తగా మేపుతామనే ఊళ్ళకి ఉండదు. ఊరివాళ్ళందరూ బంగళాకి వచ్చారు. గొర్రెలే వాళ్ళ బతుకు. అందరి తరఫునా లింగమ్మవ్వ ముందుకొచ్చింది.

"మా గొర్రెలు ఆ కొండ మీద మేస్తాయి, దొరా."

దుబాసీ గొంతు సవరించుకుని దొరకి ఇంగ్లీషులో చెప్పాడు, "విల్ ఈట్" అని.

చూశారా పిల్లలూ! మన తెలుగులో రోజూ మేసినా మేస్తాయే, రేపటి నుంచి మేసినా మేస్తాయే. దుబాసీ రేపటిదాన్ని పట్టుకున్నాడు. కావాలని చేసిన తప్పు కాదు. ఆయనకి తెలిసిందే అంత.

"ఇక ముందు మేస్తాయా? అయితే హక్కు లేదు" అని దొర కలం తీశాడు.

పంకా ఆగిపోయింది.

దొర తలెత్తాడు. కంతలోంచి సుంకన్న గొంతు వచ్చింది. "అవ్వా! మేస్తాయి అంటివే, రోజూనా, రేపా?"

"రేపేందిరా నీ తలకాయ! మా తాత పుట్టకముందు నుంచీ మేస్తాండాయి!"

"దొరా, విల్ వద్దు! విల్ తీసెయ్! ఎవ్రీ డే ఈట్!"

దొర దుబాసీ వైపు చూశాడు. దుబాసీ నేల చూపులు చూశాడు. దొర రాసింది కొట్టేసి మళ్ళీ రాశాడు. కొండ ఊరికి దక్కింది.

దుబాసీకి కడుపు భగ్గుమంది. మజ్జిగ తాగలేదు. నెల తిరక్కుండా ఏదో వంక పెట్టి సుంకన్న చేతిలో తాడు ఊడబెరికించాడు. ఊరివాళ్ళు తలా ఒక గొర్రెపిల్లని ఇచ్చారు. పోయేదాకా ఆ కొండ మీదే మేపుకున్నాడు.

అతను పోయినప్పుడు ఊరు మూడు రోజులు ఏడ్చింది. తర్వాత ఎవరి గొర్రెలు వాళ్ళవి. నిజం చెప్పాలంటే మరిచిపోయేవాళ్ళే. మరిచిపోనివ్వనిది దుబాసీ.

పోయినవాడి మీద కూడా ఆయన కుళ్ళు పోలేదు. సంతలో ఆ మాటే ఎత్తుకునేవాడు. సర్కారు కచేరీలో ఎత్తుకునేవాడు. పెళ్ళి పందిట్లో విస్తరి ముందు కూర్చునీ ఎత్తుకునేవాడు. "ఆ పంకా లాగేవాడు నాకు ఇంగ్లీషు నేర్పుతాడా?"

"ఏం నేర్పాడు సామీ?" అని జనం అడిగేవాళ్ళు.

"రోజూనా, రేపా అని అడగాలంట! అదీ ఒక చదువేనా!"

విన్నవాళ్ళు ఇంటికెళ్ళి పిల్లలకి చెప్పారు. ఆ పిల్లలు వాళ్ళ పిల్లలకి చెప్పారు. మేలు పొందినవాళ్ళు మూడు రోజులు తలుచుకుంటే, అసూయపడ్డవాడు ముప్పై ఏళ్ళు తలిచాడు.

అందుకే ఇప్పటికీ మా వైపు బళ్ళో వస్తాను, చేస్తాను, మేస్తాయి అని కనబడితే పిల్లలు గబుక్కున ఇంగ్లీషు రాయరు. బలపం కింద పెట్టి పక్కవాణ్ణి అడుగుతారు: "రోజూనా, రేపా?" పక్కవాడు ముందు "సుంకన్నకి దండం" అని, ఆ తర్వాతే జవాబు చెప్పాలి.

అడక్కుండా రాసేసిన వాణ్ణి మాత్రం బడి వదిలేదాకా "ఒరేయ్ దుబాసీ!" అని పిలుస్తారు.