పన్నెండు రోజుల కిందటి పేజీ

శరభయ్య మాస్టారిని ఏదడిగినా వెంటనే జవాబు చెప్పరు. "చూద్దాం" అని ఊరుకుంటారు. పొద్దున్నే ఆయన దగ్గర వేదాంతం చదువుకుని, ఆనక పగలంతా చోడవరం బజారులో ఆయన నెట్ సెంటర్లోనే దరఖాస్తులు నింపే కనకవల్లికి ఈ అలవాటు చూస్తే ఒళ్ళు మండేది.

ఆ రోజు ఆమె అడిగింది చిన్న ప్రశ్నేం కాదు. తొమ్మిదేళ్ళుగా తనతో మాటల్లేని అక్క సుభాషిణికి మర్నాడు విశాఖపట్నంలో గుండె ఆపరేషన్. ఒక్కసారి వచ్చి కనబడి వెళ్ళమని కబురు పెట్టింది.

"అమ్మ పోయిన నాడు నలుగురిలో నన్ను గుమ్మం దిగమంది మాస్టారూ! దాని సంగతి నాకు తెలీదా? మారని మనిషి దగ్గరికి మళ్ళీ ఎందుకు వెళ్ళాలి?"

"నాలుగింటి దాకా ఇక్కడ పనుందిగా. చూద్దాం," అన్నారాయన.

పదకొండు గంటల వేళ పైడమ్మ వచ్చింది. ఫొటో బాగాలేదని కూతురి నర్సింగు దరఖాస్తు తిప్పికొడితే, కొత్త ఫొటో పంపించి, అప్పట్నుంచీ సెంటరు చుట్టూ తిరుగుతోంది. కనకవల్లి పేజీ తెరిచింది. అవే ఎర్రక్షరాలు: తిరస్కరించారు.

"ఎన్నిసార్లు చూసినా అదేనమ్మా," అంది. జాలి లేక కాదు, చెప్పి చెప్పి విసుగెత్తి.

పైడమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "పోనీలే తల్లీ. దాని రాత అంతే."

మాస్టారు లేచి వచ్చి, కళ్ళజోడు సర్దుకుని, పేజీ అడుగునున్న తేదీ మీద వేలు పెట్టారు. పన్నెండు రోజుల కిందటిది. బ్రౌజరు కొత్తగా వెళ్ళి అడగడమే మానేసింది. మొదటి రోజు దాచుకున్న పేజీనే తీసి తీసి చూపిస్తోంది.

"బ్రౌజరు దాచుకున్న క్యాషూ కుకీలూ అన్నీ తుడిచెయ్యి."

కనకవల్లి మౌసు మీంచి చెయ్యి తీసేసింది. ఏళ్ళ తరబడి ఆ పని జోలికి పోలేదు మరి. "అమ్మో, నలభై లాగిన్లు పోతాయి మాస్టారూ! ఏ సైటూ మనల్ని గుర్తుపట్టదు. అన్నీ మొదటినుంచీ కొట్టుకోవాలి."

"కొట్టుకుందాం."

తుడిచి మళ్ళీ తెరిచింది. పచ్చక్షరాలు వచ్చాయి. సీటు ఖాయమైంది, రేపు సాయంత్రంలోగా చేరాలి. పైడమ్మ "ఓలమ్మో!" అని ఆ కంప్యూటరుకే దణ్ణం పెట్టి, చెప్పులు కూడా మరిచిపోయి పరుగెత్తింది.

కనకవల్లికి సిగ్గేసింది. రేపు దాటితే ఆ పిల్ల గతి ఏమయ్యేది? "ఇన్నాళ్ళూ ఇది అబద్ధం చెప్పిందా మాస్టారూ!"

"అబద్ధం కాదమ్మా. ఆనాడు చూసింది నిజమే."

ఆమె కూర్చుని ఒక్కొక్క సైటూ తెరిచి, నువ్వెవరని అది అడిగితే పేరూ పాస్‌వర్డూ కొట్టుకుంటూ పోయింది. ఆఖరిది అయ్యేసరికి మూడున్నర దాటింది. సంచీ భుజాన వేసుకుంది గానీ గుమ్మం దగ్గర కాళ్ళు ఆగిపోయాయి.

"నేనెవరో తెలీనట్టు మొహం తిప్పేసుకుంటే?"

మాస్టారు తలెత్తకుండానే అన్నారు.

"ఇందాకట్నుంచీ నలభై చోట్ల ఎవరివో చెప్పుకున్నావు. ఇంకొక్క చోట చెప్పుకోలేవూ?"