సంచిలో పట్టే తంబుర

రాజుగారి కొలువులో, దేశదిమ్మరి పెంచలయ్య సంచిలో పట్టే చిట్టి తంబురను చూసి ఆస్థాన విద్వాంసుడు పగలబడి నవ్వాడు.

"తంబురకు బుర్ర పెద్దది కావాలి, దండి పొడుగవ్వాలి. ఈ నాదం మూడో వరుసక్కూడా వినపడదు. దీన్ని విరగ్గొట్టించి కొత్తది చేయించండి ప్రభూ!"

పెంచలయ్య తంబురను గుండెకు హత్తుకున్నాడు. పెళ్లాం పోయాక అతనికి తోడు ఆ తంబురొక్కటే.

"అయ్యా, తమరి వీణ ఎంతమంది వింటారు?"

"వెయ్యిమంది!"

"అందుకే అది పెద్దది. దారిలో నా పాట వినేది నేనొక్కణ్ణే. నా ఒళ్లోంచి నా చెవికి మూరెడు దూరం. అంతకు మించిన నాదం ఎవరికోసమయ్యా?"



"అయితే దీనికి ఏ లోపమూ లేదంటావా?" అన్నాడు రాజు.

"ఒకటుంది ప్రభూ. వినడానికి ఇంకో మనిషి లేడు. అది ఏ వడ్రంగీ సరిచెయ్యలేడు."

రాజు గద్దె దిగొచ్చి, అతని పక్కన నేలమీద కూర్చున్నాడు.

"వాయించు."