చందమామ గడ్డం మీద చుక్క

శిష్యుడు ప్రశ్న అడిగితే కుళ్లాయప్ప వెంటనే జవాబు చెప్పే మనిషి కాదు. ఒళ్లో మేకతోలు పెట్టుకుని, చిన్న ఉలితో చిల్లులు పొడుస్తూ, విననట్టే ఉంటాడు. అడిగినవాడు అడిగిన సంగతి మరిచిపోయాక జవాబు వస్తుంది. అదైనా మాటగా వస్తుందన్న నమ్మకం లేదు. అనంతపురం పల్లెల్లో తోలుబొమ్మలాటకు పేరుపడ్డ ఆ గురువు దగ్గర ఎన్నో ఏళ్లుగా బొమ్మలాడిస్తున్న ఓబులేసుకు ఈ సంగతి బాగా తెలుసు. అయినా ఆ రోజు ఉండబట్టలేక అడిగేశాడు.

కారణం లేకపోలేదు. మన నౌక చంద్రుడి మీద దిగడం ఊరి బడిలో పిల్లలకు టీవీలో చూపించారు. ఆ వారమే ఆట. కథలో వెన్నెల రాత్రి రాగానే ఓబులేసు తెర వెనక నుంచి చందమామను లేపాడు. గుండ్రటి ముఖం, నవ్వే పెదవులు, ఒడిలో కుందేలు. ముందు కూర్చున్న పిల్లలు ఘొల్లుమన్నారు. "చంద్రునికి ముక్కూ మూతీ ఉంటాయా? అంతా గుంతలే!" ఓబులేసుకు తల కొట్టేసినట్టయింది.

"గురువా, చంద్రుడంటే రాళ్లూ దుమ్మూ అని లోకమంతా చూసేసినారు. ఇంక మన చందమామను ఎవరు నమ్ముతారు? ఏటికి ఇచ్చేద్దామా?" అన్నాడు.

ఏటికి ఇవ్వడమంటే ఆ ఇంట్లో చిన్న మాట కాదు. పనికిరాని బొమ్మను వాళ్లు చెత్తలో వెయ్యరు. పసుపు కుంకుమ పెట్టి, మనిషిని సాగనంపినట్టు నీళ్లలో వదులుతారు. పైగా ఆ చందమామను చేసింది కుళ్లాయప్ప తల్లి. ముసలాయన చేతిలో ఉలి ఆగింది.

"సరే. పోయే బొమ్మ కడసారి ఒక ఆట ఆడి పోవల్ల. రేపు ఆడిద్దాం" అన్నాడు. అని, మాబున్ని వాళ్లింటికి కబురు పంపాడు. ఆ ఇంటి కూతురు మాబున్ని, చంద్రుడి మీద నౌకను దింపినవాళ్లలో ఒక ఇంజనీరు. సెలవుకు ఊరొచ్చి ఉంది.

మర్నాడు పొద్దుగూకగానే ఆట మొదలైంది. మాబున్ని పిల్లల మధ్యే చాప మీద కూర్చుంది. చందమామ లేచింది. పిల్లలు మళ్లీ నవ్వబోయి, పక్కన మాబున్ని కొంగుతో కళ్లు తుడుచుకోవడం చూసి ఊరుకున్నారు. అసలు చంద్రుడికే బండిని పంపిన మనిషి బొమ్మ చంద్రుణ్ణి చూసి ఏడవడమేమిటో వాళ్లకు అంతుపట్టలేదు. తెర సందులోంచి చూస్తున్న ఓబులేసుకూ అంతుపట్టలేదు.

ఆట కాగానే ఆమె తెర వెనక్కి వచ్చి కుళ్లాయప్ప రెండు చేతులూ పట్టుకుంది.

"తాతా, గ్యాపకముందా? చిన్నప్పుడు తెర మీది చంద్రుని ఎనకాల ఏముందో చూడాలని నేను గోల చేస్తే, లోపలికి పిలిచి బొమ్మనాడించే ఈ పుల్ల నా చేతికిచ్చినావు. నేను చంద్రుణ్ణి మొదట పట్టుకునింది ఈడే. ఆ పొద్దు నువ్వు కసిరి పంపింటే ఏమయ్యేదాన్నో!"

కుళ్లాయప్ప బొమ్మను ఒళ్లోకి తీసుకున్నాడు. "ఇది మా అమ్మ వినాల్సిన మాట, బిడ్డా" అన్నాడు. తర్వాత చందమామను ఆమె ముందు పరిచాడు. "మీ బండి యాడ దిగింది? చూపించు."

ఆమె వంగి, చంద్రుని దక్షిణపు కొస ఇదేనంటూ గడ్డం చివర వేలు పెట్టింది. కుళ్లాయప్ప ఉలి తీసి ఓబులేసుకిచ్చాడు. తల్లి చేసిన బొమ్మ మీద ఇంకొకరి ఉలి ఏనాడూ పడనివ్వని మనిషి! ఓబులేసు ఉలిని గురువుకే తిరిగి ఇవ్వబోయాడు. "పొడువు రా" అన్నాడు గురువు. పొడిచి, బల్బు ముందు ఎత్తి పట్టేసరికి తెర మీద చందమామ గడ్డాన తెల్లగా ఒక చుక్క వెలిగింది.

ఇంకా ఇళ్లకు పోని పిల్లలు అటునుంచి కేక పెట్టారు. "అద్దో, మన బండి! కుందేలు దాన్నే చూస్తాంది!" వాళ్ల సంబరం వింటుంటే, మొన్నటి అవమానం ఎటు పోయిందో ఓబులేసుకే తెలియలేదు. బొమ్మ చేసిన ఆ తల్లికా, ఈ గురువుకా, ఎదురుగా ఉన్న ఇంజనీరుకా, ఎవరికి ముందు దండం పెట్టాలో తోచక బొమ్మనే కళ్లకద్దుకున్నాడు.

బొమ్మను సాగనంపడానికి సిద్ధం చేసిన పసుపు కుంకుమల పళ్లెం మూలన అలాగే ఉంది. "గురువా, మరి ఏటికి..." అని నసిగాడు.

అప్పుడే తెర అంచు కొంచెం లేచింది. ఒక చిన్న పిల్ల తల దూర్చి, వెనకాల ఏముందోనని కళ్లింతలు చేసుకుని చూస్తోంది.

"పళ్లెం సంగతి తర్వాత" అన్నాడు కుళ్లాయప్ప. "ముందు ఆ పాప చేతికి పుల్ల ఇయ్యి."