దుప్పి పిల్ల తాగిన పాలు

అనగనగా మట్టి ఇళ్ళ ఊరొకటి, దాన్ని ఆనుకుని జంతువుల తోటొకటి ఉండేవి అమ్మలూ. వెనకటి రోజుల్లో ఎలా బతికేవారో జనం వచ్చి చూసిపోవడానికి కట్టిన ఊరది. తోటేమో జూ.

ఒకరోజు నీలవేణి అనే పిల్ల వాళ్ళమ్మతో అక్కడికి వచ్చింది. నీ అంతే ఉంటుంది. నెమలిని చూసింది, కొండముచ్చుని చూసింది. ఆ తర్వాత కంచె పక్కన ఒక చుక్కల దుప్పి పిల్లని చూసి ఆగిపోయింది. అది గడ్డిలో ముడుచుకుని, కళ్ళు మూసుకుని పడుకుంది.

"దీని తల్లి చచ్చిపోయిందమ్మా," అన్నాడు జూలో పనిచేసే అప్పలస్వామి. "సీసాతో పాలు పట్టాను, తాగలేదు. గిన్నెలో పోశాను, ముట్టలేదు. ఇంకో దుప్పి దగ్గర వదిలితే అది తన్నేసింది. ఈ పూట కూడా తాగకపోతే మరి బతకదు."

అప్పుడు నీలవేణికి ఇంకేమీ చూడబుద్ధి కాలేదు. అమ్మ చెయ్యి పట్టుకుని మట్టి ఇళ్ళ వైపు నడిచింది. ఒక ఇంట్లో గవరమ్మ అనే ముసలమ్మ, వచ్చినవాళ్ళకి చూపించడానికి, సన్నగా పాడుకుంటూ తిరగలి మీద రాగులు విసురుతోంది.

"ఏమే బంగారం, మొహం అలా ఉంది?" అని అడిగింది. నీలవేణి వెక్కుతూ అంతా చెప్పింది.

గవరమ్మ తిరగలి ఆపేసింది. "దాన్ని ఇలా తెమ్మను," అంది. నీలవేణి పరుగున వెళ్ళి అప్పలస్వామిని పిలుచుకొచ్చింది.

"పెద్దసారు తిడతారు పిన్నీ," అన్నాడు అప్పలస్వామి. అన్నాడే గానీ, వెళ్ళి దాన్ని తువ్వాల్లో చుట్టి, పాలగిన్నె, సీసాతో సహా తెచ్చేశాడు.

అప్పుడు గవరమ్మ నీలవేణిని తిరగలి పక్కన కూర్చోబెట్టి, దాన్ని ఒళ్ళో పెట్టి, మళ్ళీ పాడుతూ విసరడం మొదలెట్టింది. తిరగలి గుర్రుగుర్రుమంటే నేల సన్నగా అదిరింది. నీలవేణి ఒళ్ళూ అదిరింది. పిండి పొగలా లేచి ఎండలో తేలింది. బయట జనం మాటలు ఎక్కడో దూరంగా, నీళ్ళడుగు నుంచి వినిపించినట్టున్నాయి.

ఒక పాటకి దుప్పి పిల్ల చెవి కదిలింది. రెండో పాటకి కన్ను తెరిచింది. నీలవేణి పాలలో వేలు ముంచి నోటికి అందించింది. ఊహూఁ! తల తిప్పేసుకుంది. నీలవేణి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"తొందరపడకే తల్లీ," అంది గవరమ్మ. మూడో పాట అందుకుంది.

ఆ పాట సగంలో, వేలికి గరుకుగా, వెచ్చగా ఏదో తగిలింది. నాలుక! ఆ తర్వాత సీసా అందిస్తే గుటగుటా తాగేసింది. తాగి, నీలవేణి గౌను తడిపేసింది కూడా. అప్పలస్వామి తువ్వాలుతో కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు.

నీలవేణి ఇంటికి బయల్దేరితే, దుప్పి పిల్ల వణికే కాళ్ళతో రెండడుగులు వెంట వచ్చింది. ఆగింది. వెనక్కి తిరిగి గవరమ్మ కొంగులో తల దూర్చుకుంది. నీలవేణికి కొంచెం ఏడుపొచ్చింది, కొంచెం నవ్వొచ్చింది.

కథేమో కంచికి,
కునుకేమో కంటికి,
దుప్పటేమో ఒంటికి.