కొలతమ్మ తల్లి వెలసిన రేవు

శ్రావణ మాసపు సాయంకాలం, సన్నటి ముసురు. గోదావరి ఒడ్డున తెడ్లలంక రేవులో గుడీ గోపురం లేవు. పసుపు పూసిన నల్లరాయి, దాని నడుమ గుండ్రటి కన్నం, అంతే. ఆ రాయే కొలతమ్మ తల్లి.

పూర్వం ఇక్కడ పడవ నడిపే కళాసీలు ఎవరి తెడ్డు వారే తెచ్చుకునేవారు. పడవ అంచున తెడ్డు కాడ దూరే కన్నం మాత్రం పడవ సొంతదారైన కామందుకొక తీరు. ఒకరిది నలుపలక, ఒకరిది గుండ్రం. ఒక పడవకు చెక్కిన తెడ్డు మరో పడవకు పనికిరాదు. ఆ ఊరి అచ్చియ్యమ్మ కొడుకులు సింహాద్రి, గవర్రాజు ఇద్దరూ భూషయ్య అనే కామందు పడవలో కళాసీలు.

ఒకనాడు వరద ఎర్రనీరు పొంగుతోంది. "ఇవాళ వద్దండి" అన్నాడు సింహాద్రి.

"వద్దంటే వేరే పడవెక్కరా. నీ పలక తెడ్డు ఎక్కడ దూరుద్దో నేనూ చూస్తాను" అని నవ్వాడు భూషయ్య.

దిక్కులేక ఎక్కారు. నడి ఏట్లో గవర్రాజు తెడ్డు విరిగింది. పక్క పడవవాళ్లు తమది అందించారు. అది కన్నంలో పట్టలేదు. పడవ కొట్టుకుపోయి, ఏ పుణ్యానో ఇసుక తిప్పకు తగులుకుంది. బిడ్డలు ఎలాగో ఇల్లు చేరారు.

తెల్లవారుజామున గంగమ్మ తల్లి అచ్చియ్యమ్మ కలలో కనిపించి, "రేవులో నా రాయి ఉంది. తెడ్లన్నీ దాని కన్నానికి సరిపోవాలి" అని ఆనతిచ్చింది. వరద తీశాక రాయి దొరికింది.

"నీకు కలొస్తే మా పడవలు కోసుకోవాలా, అచ్చియ్యమ్మా?" అన్నాడు భూషయ్య.

"పడవ తమరిది. తెడ్డు మాది" అన్నదామె.

కళాసీల ఇళ్ల ఆడవాళ్లు కూర్చుని తెడ్లన్నీ రాతి కొలతకు చెక్కేశారు. తెడ్డు పట్టని పడవ రేవు దాటలేదు. కామందులే దిగివచ్చి కన్నాలు మార్చుకున్నారు. అది మొదలు, మాట పడలేని కళాసీ తెడ్డు భుజాన వేసుకుని నచ్చిన పడవ ఎక్కేవాడు. సింహాద్రి అలాగే వెళ్లిపోయాడు.

మరుసటేడు భూషయ్య తానే పడవలో ఉండగా వరద ముంచుకొచ్చింది. గవర్రాజు తెడ్డూ, తోటి కళాసీ మావుళ్లు తెడ్డూ విరిగాయి. వేరే పడవలోని సింహాద్రి, అతని తోటివాళ్లు మిగులు తెడ్లు అందించారు. అవి కన్నాల్లో చక్కగా కూర్చున్నాయి.

నేటికీ కొత్త తెడ్డును తల్లి కన్నంలో దూర్చి తీయనిదే నీట పెట్టరు. అలా చేసినవారికి ఏటి గండం ఉండదని నమ్మకం. ముసురు రోజుల్లో ఆడవాళ్లు రేవులో నిలబడి, ఒడ్డుకు వచ్చినవారిని గట్టిగా లెక్కపెడతారు. ఆ పడవలు ఒడ్డు చేరిననాడు అచ్చియ్యమ్మ మోకాటి లోతు నీళ్లలో నిలబడి పెట్టిన లెక్క ఇది:

"సింహాద్రి ఒకటి. గవర్రాజు రెండు. మావుళ్లు మూడు. తలెత్తండి భూషయ్యగారూ, తమరు నాలుగు."